చీటీ పారేసి హాయిగా పడుకోండి

హైదరాబాదు, బెంగుళూరు ఆఫీసుల్లో కొత్తగా చేరి ఎసింక్, అవెయిట్, ఫ్యూచర్, ప్రామిస్ అనే మాటలు విని బెదిరిపోతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ముందుగా ధైర్యం చెప్పాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదండి. సామర్లకోట జంక్షన్లో టికెట్టు కొన్న ప్రతివాడికీ తెలిసిందే. కౌంటర్లో డబ్బులు కట్టి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి వెయిటింగ్ లిస్టు టికెట్టు తీసుకున్నామనుకోండి, మన చేతికొచ్చింది బెర్తు కాదు, బెర్తు దొరికితే ఇస్తామని రాసిన కాగితం. దాని మీద పదంకెల పీఎన్నార్. చార్టు పడేదాకా ఆ కాగితం పెండింగే. పడ్డాక దొరికిందో దొరకలేదో తేలిపోతుంది. ఈలోపు మనం స్టేషన్లో పడిగాపులు పడక్కర్లేదు, వేరే పనులు చూసుకోవచ్చు. ఫ్యూచర్ అన్నా ప్రామిస్ అన్నా అంతే. కాకపోతే రైల్వేవాళ్ళు దయతలచి మధ్యలో ఆర్‌ఏసీ అని సగం బెర్తు పెట్టారు. కంప్యూటరు శాస్త్రజ్ఞులకి అంత జాలిగుండె లేదు. పని నెరవేరిందా, విఫలమైందా, రెండే.

ఈ కాగితానికి ప్రామిస్ అని 1976లో ఫ్రీడ్‌మన్, వైజ్ అనే ఇద్దరు పేరు పెట్టారు. మరుసటేడే బేకర్, హెవిట్ అనే మరో ఇద్దరు ఫ్యూచర్ అన్నారు. 1988లో బార్బరా లిస్కోవ్, ల్యూబా ష్రీరా కలిసి, దూరంగా ఉన్న యంత్రాల మధ్య ఈ కాగితాలు ఎలా తిరగాలో, అందులో తప్పు జరిగితే ఆ కబురు అడిగినవాడికి ఎలా చేరాలో రాశారు. 2004లో జావాకీ, 2012లో సీ షార్ప్‌కీ, 2015లో జావాస్క్రిప్ట్‌కీ ఏదో ఒక రూపంలో ఇది ఎక్కేసింది. ఇంతమంది పెద్దలు ఇన్నేళ్ళు ఆలోచించి పెట్టిన ఏర్పాటుని ఎంత సులువుగా పాడుచెయ్యొచ్చో చెప్పడమే ఈ చిట్కాల ఉద్దేశం.

చీటీ దాచుకోకండి

పని పురమాయించగానే సిస్టమ్ మీ చేతిలో ఒక చీటీ పెడుతుంది. జావాలో సబ్మిట్ అంటే ఫ్యూచర్ ఇస్తుంది, పైథాన్‌లో క్రియేట్ టాస్క్ అంటే టాస్క్ ఇస్తుంది. దాన్ని ఏ వేరియబుల్లోనూ పెట్టకండి. లైను చివర సెమికోలన్ కొట్టి ముందుకి సాగిపోండి. పని పంపించాం, మన బాధ్యత తీరింది.

దీనివల్ల లాభాలు భాషని బట్టి ఉంటాయి. జావాలో ఆ పని మధ్యలో ఎక్సెప్షన్‌తో చచ్చిపోతే, ఆ ఎక్సెప్షన్ చప్పుడు లేకుండా వెళ్ళి ఫ్యూచర్ లోపల కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి గెట్ అని అడిగేదాకా నోరెత్తదు. మీరు చీటీ పారేశారు కాబట్టి ఎవరూ అడగరు, అది ఎప్పటికీ చెప్పదు. ఇక్కడ ఒక జాగ్రత్త. సబ్మిట్ బదులు పొరపాటున ఎగ్జిక్యూట్ అని పిలిచారంటే ఆ తప్పు కన్సోల్ మీదకొచ్చి ఊరంతా వినపడేలా అరుస్తుంది. పరువు పోతుంది. ఎప్పుడూ సబ్మిట్టే వాడండి.

పైథాన్ మరీ ఉదారం. దాని ఈవెంట్ లూప్ టాస్కుని గట్టిగా పట్టుకోదు, వదులుగా పట్టుకుంటుంది. మీరూ పట్టుకోకపోతే, పని సగంలో ఉండగానే గార్బేజ్ కలెక్టర్ వచ్చి ఎవరిదీ కాని సరుకనుకుని ఊడ్చుకుపోవచ్చు. చీటీని ఒక సెట్‌లో దాచుకోండి, పని అయ్యాక తీసెయ్యండి అని పైథాన్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. అది చదవకపోవడం మీద ఈ చిట్కా మొత్తం ఆధారపడి ఉంది. ఇందులో అసలు అందం ఏమిటంటే, మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ ఊడ్చదు. కస్టమర్ దగ్గర, బాగా రద్దీగా ఉన్న రోజున ఊడుస్తుంది.

అడగని తప్పుల్ని ఏం చెయ్యాలన్నది పెద్దవాళ్ళకే తేలలేదు సుమండీ. డాట్ నెట్‌వాళ్ళు 2010లో, ఎవరూ చూడని టాస్కు తప్పు బయటపడితే ప్రోగ్రాం మొత్తాన్ని పడగొట్టేవాళ్ళు. 2012కి మెత్తబడి, పోనీలే అన్నారు. నోడ్‌వాళ్ళు దానికి తలకిందులు. మొదట హెచ్చరికతో సరిపెట్టి, 2020 అక్టోబరులో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, ఎవరూ పట్టించుకోని ప్రామిస్ విఫలమైతే ప్రాసెస్‌నే చంపేస్తున్నారు. నా మటుకు నాకు నోడ్‌వాళ్ళదే న్యాయమనిపిస్తుంది. కానీ ఈ వ్యాసంలో నా పని న్యాయం చెప్పడం కాదు కాబట్టి, మీరు ప్రతి ప్రామిస్ వెనకా ఒక ఖాళీ క్యాచ్ తగిలించెయ్యండి. బ్రాకెట్ల మధ్య ఏమీ ఉండకూడదు, గాలి తప్ప.

ఎంతసేపైనా కూర్చోండి

ఒకవేళ చీటీ దాచుకున్నారే అనుకుందాం. అప్పుడు గెట్ అని అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చోండి. ఆ గెట్‌కి ఇన్ని సెకన్లు చూసి లేచిపోతానని చెప్పే రూపం కూడా ఉంది. దాని జోలికి పోకండి. అవతలివాణ్ణి తొందరపెట్టినట్టుంటుంది. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ ఈ మర్యాద బాగా తెలిసింది. టైమవుట్ ఇంత అని మీరు చెప్పకపోతే జవాబు కోసం ఎంతకాలమైనా చూస్తూ ఉంటుంది.

టామ్‌క్యాట్ సర్వర్ మామూలుగా 200 థ్రెడ్ల దాకా తీసుకుంటుంది. అవతల పేమెంటు సర్వరొకటి నిదానించిందనుకోండి, ఒక్కొక్క థ్రెడ్డూ వెళ్ళి దాని గుమ్మంలో కూర్చుంటుంది. రెండొందలూ కూర్చున్నాక, పేమెంటుతో సంబంధం లేని హోంపేజీ కూడా తెరుచుకోదు. మీ బాసు కంగారుగా వచ్చి సీపీయూ చూస్తే అది ఖాళీగా ఉంటుంది. మెమరీ బాగుంటుంది. "సర్వర్ భేషుగ్గా ఉందండీ, నెట్‌వర్క్ వాళ్ళని అడగండి" అని ధైర్యంగా చెప్పొచ్చు.

ఇంతకంటే పై చదువు ఇంకొకటుంది. నాలుగు థ్రెడ్ల పూల్ ఒకటి పెట్టండి. అందులో ఒక్కో పనీ ఇంకో పనిని అదే పూల్‌కి పురమాయించి, దాని ఫలితం కోసం కూర్చునేలా రాయండి. నాలుగు పెద్ద పనులు ఒక్కసారి వచ్చాయి. నలుగురూ సీట్లలో కూర్చున్నారు. నలుగురూ తలో చిన్న పని క్యూలో వేసి, అది అయితేగానీ లేవమన్నారు. ఆ చిన్న పనులు చెయ్యడానికి మిగిలింది ఎవరు? అందరూ అందలమెక్కితే మోసేదెవరన్న సామెత ఈ డెడ్‌లాక్ కోసమే పుట్టినట్టుంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క అక్షరం పడదు. పరీక్ష చేసేటప్పుడు ఒక్కొక్క పనే పంపిస్తాం కాబట్టి అక్కడ చక్కగా నడుస్తుంది. పెద్ద పనులకొక పూల్, చిన్న పనులకొక పూల్ విడివిడిగా పెడితే, లేదా కూర్చోకుండా "అది అయ్యాక ఇది చెయ్యి" అని ఫ్యూచర్లనే గొలుసు కడితే ఈ వైభవం దక్కదు.

పంచారామాల దర్శనం ఒకదాని తరవాత ఒకటి

కార్తీక మాసంలో ఆర్టీసీ పంచారామాలకి ప్రత్యేక బస్సులు వేస్తుంది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, మన సామర్లకోట. ఈ అయిదు చోట్లా గదులు ఖాళీ ఉన్నాయో లేదో చూపించే పేజీ ఒకటి మీరు రాస్తున్నారనుకుందాం. అయిదు సర్వర్లు, ఒక్కోటి జవాబివ్వడానికి రెండు సెకన్లు. ఫర్ లూప్‌లో ఒక్కొక్కదాన్నీ అవెయిట్ చేస్తూ పొండి. పది సెకన్లవుతుంది. అయిదింటినీ ముందే బయల్దేరదీసి తరవాత అవెయిట్ చేస్తే రెండు సెకన్లలో తేలిపోయేది. కానీ బస్సు అయిదు గుళ్ళకీ ఒకేసారి వెళ్ళలేనప్పుడు మన పేజీ మాత్రం ఎందుకు వెళ్ళాలి? పైగా కోడ్ నిండా ఎసింక్, అవెయిట్ కనపడుతూనే ఉంటాయి. రివ్యూ చేసేవాడికి కావలసింది అదే.

ఎవరో చాదస్తుడు పట్టుబట్టి అయిదింటినీ ఒక్కసారి పంపించాడే అనుకోండి, ద్రాక్షారామం సర్వర్ ఒక్కటి పడిపోతే పేజీ మొత్తానికి "సేవ అందుబాటులో లేదు" అని పెట్టెయ్యండి. పైథాన్ గ్యాదర్ అయినా, జావాస్క్రిప్ట్ ప్రామిస్ ఆల్ అయినా, ఒకటి విఫలం కాగానే ఆ వార్తే పైకి పంపిస్తాయి. మిగతా నాలుగూ ఆగవు, వెనకాల వాటి దారిన అవి పరిగెడుతూనే ఉంటాయి, ఆ ఫలితాలు ఎవరికీ అక్కర్లేదు. విడివిడిగా ఏది అయింది, ఏది కాలేదు అని చెప్పే ఆల్ సెటిల్డ్ అనేదొకటి 2020లో వచ్చింది. ఒకటి పడితే తక్కినవాటిని మర్యాదగా ఆపించి, అందరూ వచ్చాకే తలుపేసే టాస్క్ గ్రూప్ 2022లో పైథాన్ 3.11తో వచ్చింది. కొత్త వింతలు. మనకెందుకు?

ఈవెంట్ లూప్ మధ్యలో మామూలు టైమ్ స్లీప్ పెట్టి అందర్నీ నిద్రపుచ్చడం కూడా మంచి చిట్కాయే. కాకపోతే పైథాన్‌లో డీబగ్ మోడ్ పెట్టారంటే 100 మిల్లీసెకన్లు దాటి లూప్‌ని పట్టుకున్న ప్రతి పని పేరూ బయటపెట్టేస్తుంది. పెట్టకండి.

అవెయిట్ మధ్యలో లోకం మారదని నమ్మండి

లూప్‌లో ఉన్నది ఒక్క థ్రెడ్డే కదా, ఇక రేస్ కండిషన్ ఎక్కడిది అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమా చెడగొట్టుకోకండి. ఖాళీ బెర్తులు ఒకటికంటే తక్కువ కాకపోతే, డబ్బు తీసుకోవడానికి అవెయిట్ చేసి, వచ్చాక బెర్తులు ఒకటి తగ్గించండి. మూడు లైన్లు. చదవడానికి తెలుగు వాచకంలా ఉంటుంది. కానీ అవెయిట్ అన్న చోట మీ పని పక్కకి తప్పుకుని ఇంకొకడికి దారిస్తుంది. ఆ ఇంకొకడూ వచ్చి చూస్తే బెర్తు ఒకటి ఖాళీగానే కనిపిస్తుంది. ఇద్దరూ డబ్బు కట్టారు. బెర్తుల సంఖ్య సున్నా నుంచి మైనస్ ఒకటికి దిగింది. రైల్లో ఇద్దరూ ఒకే నంబరు చూపించుకుని కుస్తీ పడతారు.

రైల్వే వాళ్ళు ఈ గొడవ ఎప్పుడో చూసుకున్నారు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాల్ని 1990ల చివరికల్లా ఒక్క వలలో కట్టిన కన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ చెయ్యాల్సిన మొదటి పనే అది. కాకినాడ కౌంటరూ సామర్లకోట కౌంటరూ ఒకే క్షణంలో నొక్కినా బెర్తు ఒకరికే దక్కాలి. అందుకోసం ముందు బెర్తు పట్టుకుని తరవాత డబ్బు తీసుకోవాలి, డబ్బు రాకపోతే వదిలెయ్యాలి. మీరు ఈ వరస తిరగెయ్యండి.

ఎవర్నీ కాదనకండి

గోదావరి జిల్లాల్లో గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనడం అలవాటు లేదు. జావాలో న్యూ ఫిక్స్‌డ్ థ్రెడ్ పూల్ అనేది మన జిల్లాదే అయ్యుండాలి. పనిచేసే థ్రెడ్లు పదే ఉంటాయి గానీ, క్యూలో మాత్రం 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 పనుల దాకా రానిస్తుంది. అంతకంటే ముందే మెమరీ అయిపోతుంది, అది వేరే విషయం.

సెకనుకి 120 పనులు వస్తున్నాయి, మనం 100 చెయ్యగలం అనుకోండి. ఇరవయ్యే కదా తేడా, తర్వాత చూసుకోవచ్చు. గంటకి 72,000 మిగిలిపోతాయి. అప్పుడు వచ్చినవాడి వంతు పన్నెండు నిమిషాలకి వస్తుంది. ఏ మొబైల్ యాప్ ముందూ ఎవడూ పన్నెండు నిమిషాలు కూర్చోడు. వాడు ఎప్పుడో పేజీ మూసేసి పోయుంటాడు. అంటే గంట గడిచాక మీ సర్వర్ నూరు శాతం సామర్థ్యంతో, చెమటోడుస్తూ, వెళ్ళిపోయినవాళ్ళకి జవాబులు రాస్తుంటుంది. క్యూకి 500 అని హద్దు పెట్టి, నిండితే "ఇప్పుడు కాదండీ" అని మొహం మీదే చెప్పే పద్ధతి ఉంది. ఎంత అమర్యాద!

జవాబు రాకపోతే మళ్ళీ పంపండి, ఇంకోసారి పంపండి

ఇది చిట్కాలన్నిటిలోకీ రాజు, కాస్త వివరంగా చెప్పాలి. కిరాణా కొట్టులో ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ మీద పెట్టి 500 పంపించారు. చక్రం తిరుగుతోంది. ఆగిపోయింది. పెండింగ్ అంది. ఏం జరిగింది? మీ మాట బ్యాంకు దాకా వెళ్ళనేలేదేమో. వెళ్ళి, డబ్బు కదిలి, "అయిందండీ" అన్న జవాబు దారిలో పోయిందేమో. ఇంకా నడుస్తోందేమో. టైమవుట్ అనే ఒక్క మాట వెనక ఈ మూడూ ఉంటాయి, బయటనుంచి చూస్తే మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. తెలివైనవాడు "కాలేదు" అనడు, "తెలీదు" అంటాడు. మీరు "కాలేదు" అనండి.

అన్నాక, ఫంక్షన్ చుట్టూ మూడుసార్లు తిరిగే లూప్ కట్టండి. ఇక్కడొక కిటుకు ఉంది. లావాదేవీ నంబరుని లూప్ బయట తయారుచేస్తే మూడుసార్లూ అదే నంబరు వెళ్తుంది. అవతలి బ్యాంకు "ఇది ఇందాకే చేశాను" అని గుర్తుపట్టి, పాత జవాబే తిరిగి ఇస్తుంది. మీ మూడు ప్రయత్నాలూ ఒక్క చెల్లింపు కింద కలిసిపోతాయి. అలా కాకూడదంటే నంబరు తయారుచేసే లైనుని ఒక్క ట్యాబ్ లోపలికి జరిపి లూప్‌లో పెట్టండి. ఇక మూడూ మూడు కొత్త చెల్లింపులు. కొట్టువాడికి 1500 పడ్డాయి, కొన్నవాడికి పప్పు కిలోనే. ట్యాబ్ ఒక్కటి! మన వృత్తిలో ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం మరెక్కడా రాదు.

రిజర్వ్ బ్యాంకు ఈ పెండింగ్ గోల పడలేక 2019 సెప్టెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐలో మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు ఇటు ఖాతాలో తగ్గి అటు పడకపోతే మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. వ్యాపారికి కట్టింది ఖరారు కాకపోతే అయిదు రోజుల్లో రావాలి. ఆ పైన ఆలస్యానికి రోజుకి వంద రూపాయల పరిహారం. చూశారా, ప్రభుత్వ బ్యాంకుకి కూడా చీటీకి గడువుండాలని తెలిసిపోయింది. మీ కోడ్‌కి ఇంకా తెలీకుండా చూసుకోండి.

మళ్ళీ పంపేటప్పుడు మధ్యలో విరామం ఇవ్వకండి. ఇచ్చినా అందరికీ ఒకే విరామం ఇవ్వండి, సరిగ్గా అయిదు సెకన్లు. అవతలి సర్వర్ కాస్త తేరుకుని లేచేసరికి వెయ్యిమంది ఒక్కసారి మీదపడాలి. ఉదయం పదింటికి ఏసీ తత్కాల్ తెరిచే నిమిషం ఎలా ఉంటుందో ఎప్పుడైనా ప్రయత్నించినవాళ్ళకి వర్ణించక్కర్లేదు. విరామాన్ని ప్రతిసారీ రెట్టింపు చేస్తూ, అందులో కాస్త అటూ ఇటూ యాదృచ్ఛికంగా కలిపితే జనం విడిపోయి సర్వర్ బతికిపోతుంది. బతికితే మళ్ళీ పని చెప్తారు.

రద్దు అన్నాక రద్దయిందనే నమ్మండి

క్యాన్సిల్ అనేది ఆజ్ఞ కాదు, విన్నపం. జావాలో అది థ్రెడ్ భుజం తడుతుంది, అంతే. థ్రెడ్ వెనక్కి తిరిగి చూడకపోతే పని సాగిపోతూనే ఉంటుంది. కంప్లీటబుల్ ఫ్యూచర్ అయితే భుజం కూడా తట్టదు, చీటీ మీద రద్దు అని రాసుకుని ఊరుకుంటుంది. కాబట్టి ఇంటరప్టెడ్ ఎక్సెప్షన్ ఎక్కడ కనపడినా ఖాళీ క్యాచ్‌లో పూడ్చెయ్యండి. పైథాన్‌వాళ్ళు 3.8 వెర్షన్‌లో రద్దు కబురుని మామూలు ఎక్సెప్షన్ల వంశంలోంచి తప్పించి, పొరపాటున మింగెయ్యకుండా కాపాడుకున్నారు. మీరు ఎక్సెప్షన్ పేరే రాయని ఉత్త ఎక్సెప్ట్ వాడితే దాన్ని కూడా మింగెయ్యొచ్చు.

మౌనం అర్ధాంగీకారం

ప్రతి రాత్రీ లెక్కలు సరిచూసే పనిని షెడ్యూల్ ఎట్ ఫిక్స్‌డ్ రేట్‌తో పెట్టండి. లోపల ట్రై క్యాచ్ పెట్టకండి. ఒక్క రాత్రి ఒక్క ఎక్సెప్షన్ బయటికొస్తే చాలు, జావా ఆ పనిని ఇక ఎప్పటికీ పిలవదు. డాక్యుమెంటేషన్‌లో ఉన్న నియమమే అది. చావు కబురు ఎవరికీ పంపదు, పంపినా అది ఫ్యూచర్ లోపలే ఉంటుంది, ఆ ఫ్యూచర్ని మీరు మొదటి చిట్కా ప్రకారం పారేశారు. నెలాఖరున అకౌంట్స్ వాళ్ళు అడిగేదాకా అందరూ లెక్కలు బాగున్నాయనే అనుకుంటారు.

చిన్న ఊరివాళ్ళం, మనకే ఇలా జరుగుతుందని సిగ్గుపడకండి. 2003 ఆగస్టు 14న అమెరికా ఒహాయోలో ఒక విద్యుత్ కంపెనీ కంట్రోల్ రూంలో, రేస్ కండిషన్ వల్ల అలారం సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. లైన్లు ఒకదాని వెనక ఒకటి పడిపోతున్నాయి, గదిలో మాత్రం నిశ్శబ్దం. గంటకి పైగా ఆపరేటర్లకి తమ అలారం పోయిన సంగతే తెలియలేదు. అలారం మోగట్లేదంటే అంతా బాగున్నట్టే కదా అన్నది వాళ్ళ లెక్క. అమెరికా, కెనడాల్లో కలిపి దాదాపు అయిదు కోట్లమందికి కరెంటు పోయింది. "ఇప్పటికి నేను బతికే ఉన్నాను" అని నిమిషానికోసారి చెప్పించుకుని, చెప్పడం మానేస్తే కంగారుపడే ఏర్పాటు ఒకటి పెడితే సరిపోయేది. కానీ అలాంటి ఏర్పాట్లు పెడితే రాత్రిళ్ళు ఫోన్లొస్తాయి.

ఫోను ఎలాగూ ఒకసారి వస్తుంది. అదీ భోగినాడు, మీరు సామర్లకోటలో ఇంటిదగ్గర ఉండగా, మంట ముందు చలికాగుతుండగా వస్తుంది. ఆర్డర్లు కదలట్లేదని, క్యూలో నలభై వేలు పేరుకున్నాయని అవతలివాళ్ళు అరుస్తారు. మీరు ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు. "రీస్టార్ట్ చెయ్యండి" అనండి. క్యూ ఉన్నది మెమరీలోనే కాబట్టి, డేటాబేస్‌లో రాసుకునే అలవాటు మనకి లేదు కాబట్టి, రీస్టార్ట్ కాగానే ఆ నలభై వేలూ ఒక్క దెబ్బకి సున్నా అవుతాయి. గ్రాఫు పచ్చగా కనపడుతుంది. అవతలివాళ్ళు థాంక్స్ చెప్తారు. ఏ నలభై వేలు పోయాయో లెక్క ఎక్కడా లేదు కాబట్టి, ఆఫీసు వరకూ ఏమీ పోలేదు. కస్టమర్లు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టేసరికి కనుమ దాటిపోతుంది, అప్పటికి డ్యూటీలో ఇంకొకరుంటారు.